హార్మోనియం చేతులతో ఆర్పెజియోల సాధన

నేను హన్మకొండలో ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. చిన్నప్పటి నుంచి భజనల్లో హార్మోనియం వాయించిన అలవాటు ఉండటం వల్ల, నలభై దాటిన తర్వాత పియానో నేర్చుకుందామని కూర్చున్నప్పుడు సగం దారి ముందే నడిచి ఉన్నాననే ధైర్యం ఉండేది. మెట్లు అవే, స్వరాల వరుస అదే, సరళీ వరుసలూ జంట వరుసలూ అలంకారాలూ వేళ్లకు ఎప్పుడో పట్టుబడ్డవే. స్కేళ్లు, అంటే స్వరాలను పక్కపక్కనే వరుసగా ఎక్కుతూ దిగుతూ వాయించే పాఠాలు, వాయించినంత కాలం ఆ ధైర్యానికి ఢోకా రాలేదు. ఆర్పెజియోలు మొదలుపెట్టిన నాటి నుంచి మాత్రం హార్మోనియం తయారు చేసిన చేయి వేరు, పియానోకు కావలసిన చేయి వేరు అన్నది రోజూ తెలిసివస్తూనే ఉంది. భజన మందిరంలోని హార్మోనియం నుంచో, చర్చిలోని కీబోర్డు నుంచో పియానో వైపు వచ్చేవాళ్లు మా వైపు ఉంటూనే ఉంటారు కాబట్టి, ఈ సాధన నాకు ఎట్లా సాగిందో కొంత వివరంగా రాస్తున్నాను.

కార్డు అంటే కలిపి పలికించే కొన్ని స్వరాలు. ఆ స్వరాలను ఒకేసారి నొక్కకుండా ఒకదాని వెంట ఒకటిగా, కింది స్థాయి నుంచి పై స్థాయికి ఎక్కుతూ, మళ్లీ దిగుతూ వాయించడాన్ని ఆర్పెజియో అంటారు. సి మెట్టును షడ్జంగా పెట్టుకుంటే సి, ఇ, జి అనే మూడు మెట్లు మనకు షడ్జం, అంతర గాంధారం, పంచమం. ఇది సి మేజర్. అంతర గాంధారం చోట సాధారణ గాంధారం వాయిస్తే సి మైనర్ అవుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. కష్టమంతా పంచమం నుంచి పై షడ్జానికి పోయే చోట ఉంది. స్కేలులో బొటనవేలు మధ్యవేలి కిందుగా దూరి పక్క మెట్టునే అందుకుంటుంది; ఆర్పెజియోలో అదే బొటనవేలు ఏ, బి అనే రెండు మెట్లను వదిలేసి ఆ పైనున్న సిని అందుకోవాలి. పియానో మీద ఒక స్థాయి, అంటే షడ్జం నుంచి పై షడ్జం దాకా, వెడల్పు దాదాపు 16.5 సెంటీమీటర్లు. నాలుగు స్థాయిలు ఎక్కడమంటే రెండడుగులకు పైగా ప్రయాణం. ఆ ప్రయాణం వేళ్లు చేసేది కాదు, చేయి చేయాలి. ఈ మాట వినడానికి సులువుగానే ఉంటుంది గానీ ఒంటికి ఎక్కడానికి నాకు చాలా కాలమే పట్టింది.

ఎందుకు పట్టిందో చెప్పాలంటే హార్మోనియం సంగతి కొంత చెప్పాలి. హార్మోనియం వాయించేవాడి ఎడమచేయి తిత్తి ఆడిస్తూ ఉంటుంది, స్వరాలు పలికించే పనంతా కుడిచేతిదే. అందువల్ల ఇన్నేళ్ల అనుభవం ఉన్నా నా ఎడమచేతి వేళ్లకు మెట్ల పరిచయమే లేదు. రెండో సంగతి శబ్దం గురించి. హార్మోనియంలో శబ్దం పెరగడం, తగ్గడం గాలి ఒత్తిడిని బట్టి జరుగుతుంది. మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా స్వరం ఒకే తీరుగా పలుకుతుంది. పియానోలో మెట్టు ఎంత వేగంగా దిగిందన్నదే శబ్దాన్ని నిర్ణయిస్తుంది. మెట్టు దిగే లోతు సుమారు ఒక సెంటీమీటరు. ఆ కొద్ది దూరంలోనే అది లోపలి సుత్తిని తీగ వైపు విసురుతుంది, తీగను తాకడానికి కాస్త ముందే సుత్తి మెట్టు పట్టులోంచి విడిపోతుంది. ఆ తర్వాత మెట్టును ఎంత బలంగా అదిమినా స్వరానికి ఒరిగేదేమీ లేదు, అలిసిపోయేది మన చేయి మాత్రమే. పాఠం చెప్పేవాడిగా ఇది నాకు కొత్త విషయం కాదు, నా వేళ్లకు మాత్రం పూర్తిగా కొత్త.

మొదట్లో మా అమ్మాయి కోసం కొన్న 61 మెట్ల కీబోర్డు మీదే వాయించేవాడిని. అందులో ఐదు స్థాయిలు ఉంటాయి కాబట్టి నాలుగు స్థాయిల ఆర్పెజియోకు చోటు చాలుతుంది. కానీ స్ప్రింగు మీద తేలిగ్గా దిగే ఆ మెట్ల మీద చేతి బరువు ఎటు పోతున్నదో తెలియదు, బొటనవేలు చేసే అల్లరి బయటపడదు. తర్వాత కొంత ఖర్చుకు ఓర్చి, సుత్తి బరువును అనుకరించే 88 మెట్ల డిజిటల్ పియానో తెచ్చుకున్నాను. తీగలున్న అసలు పియానో మా ఊరి ఇళ్లలో కనిపించడం అరుదు. మా వేసవి ఎండలకూ ఆ తర్వాతి ముసురుకూ దాని శ్రుతి కాపాడటం ఒక ప్రత్యేక వ్యవహారం. డబ్బు పెట్టడానికి వెనకాడేవారికి నా అభిప్రాయం ఏమిటంటే, స్కేళ్ల దశలో ఆ ఖర్చును వాయిదా వేసుకోవచ్చు, ఆర్పెజియోల దశకు వచ్చాక వాయిదా వేస్తే సాధన సగం వృథా అవుతుంది. కుర్చీ విషయం కూడా చెప్పాలి. ఇంట్లోని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే నా మోచేయి మెట్ల మట్టానికి కిందుగా ఉండి, మణికట్టు మీదికి వంగిపోయేది. పైగా దానికి చేతులు ఉండటం వల్ల మోచేయి పక్కకు కదలబోతే అడ్డు తగిలేది. చేతుల్లేని స్టూలు మీద పాత బొంతను మడతలు వేసి ఎత్తు సరిచేసుకున్న తర్వాతే మోచేయీ మెట్లూ ఒకే మట్టానికి వచ్చాయి.

నాకు నేర్పే సార్ కాజీపేటలోని ఫాతిమానగర్‌లో ఉంటారు. చాలా ఏళ్లుగా చర్చిలో పాడేవాళ్లకు వాయిస్తున్నారు, పిల్లలను గ్రేడ్ పరీక్షలకు కూడా తయారు చేస్తారు. లండన్‌లోని ట్రినిటీ కాలేజీ వారి పరీక్షలైనా, ఏబీఆర్‌ఎస్ఎం అనే మరో బ్రిటిష్ సంస్థ వారి పరీక్షలైనా 8 గ్రేడ్లుగా ఉంటాయి, స్కేళ్లూ ఆర్పెజియోలూ వాటి పాఠ్యప్రణాళికలో భాగం. పిల్లలు వాటిని మార్కుల కోసం గబగబా అప్పజెప్పేస్తారని సార్ విసుక్కుంటూ ఉంటారు. నాకు పరీక్ష గోల లేదు కాబట్టి నెలల తరబడి ఒక్క సి మేజర్ దగ్గరే కూర్చోబెట్టారు. పియానో వాళ్లు రెండు చేతులకూ బొటనవేలిని 1గా, చిటికెనవేలిని 5గా లెక్కిస్తారు. ఆ లెక్కన రెండు స్థాయిల సి మేజర్ ఆర్పెజియో ఎక్కేటప్పుడు కుడిచేతికి 1-2-3-1-2-3-5, ఎడమచేతికి 5-4-2-1-4-2-1. ఇవి నోటికి వచ్చేయడానికి ఒక్క సాయంత్రం చాలు.

అంకెలు నోటికి వచ్చినా వినడానికి ఆర్పెజియో ఆర్పెజియోలా ఉండేది కాదు. పక్క గదిలో చదువుకుంటున్న మా అమ్మాయి ఒకరోజు బయటికి వచ్చి, "మూడింటికొకసారి ఎవరో తలుపు కొట్టినట్టు వినపడుతుంది డాడీ" అన్నది. మూడింటికొకసారి వచ్చేది బొటనవేలే. నా చెవికి అంత తేడా తోచలేదు కాబట్టి పియానోను యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలిపి చూశాను. వాద్యాలనూ కంప్యూటర్లనూ కలపడానికి 1983లో వచ్చిన మిడి ప్రమాణం ప్రకారం ఏ మెట్టు ఎంత వేగంగా దిగిందో 1 నుంచి 127 వరకు ఒక అంకెగా నమోదవుతుంది. తెర మీద వరుసగా పేర్చిన ఆ అంకెల్లో ఇ, జి మెట్లవి ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి; ప్రతి సి దగ్గర మాత్రం అంకె ఒక్కసారిగా ఎగిరి కూర్చుంది. అంతేకాక, జికీ సికీ మధ్య కాలవ్యవధి మిగతా వాటికంటే ఎక్కువగా ఉంది. అంటే బొటనవేలు ఆలస్యంగా చేరి, ఆలస్యాన్ని కప్పిపుచ్చుకోవడానికి గట్టిగా దిగుతున్నది. ఈ కొలత నాకు చాలా మేలు చేసింది. డిజిటల్ పియానో ఉన్న ఎవరికైనా ఇది ఖర్చులేని పరీక్ష, చెవి మొహమాటపడినా అంకె మొహమాటపడదు.

ఆ కాగితం తీసుకెళ్లి సార్‌కు చూపిస్తే ఆయన అంకెల వంక పెద్దగా చూడలేదు. నన్ను వాయించమని, వాయిస్తున్నంతసేపూ నా మోచేతి కింద రెండు వేళ్లు ఆనించి ఉంచారు. మోచేయి ఉన్నచోటే ఉండిపోయి, బొటనవేలు ఒక్కటే అరచేతి కిందుగా ముడుచుకుని సి కోసం చాచుకుంటున్నది. అట్లా చాచినప్పుడు బొటనవేలి మొదట్లో ఉన్న కండ బిగుసుకుంటుంది, బిగుసుకున్న వేలికి మెల్లగా దిగడం చేతకాదు. "అట్ల కాదు సార్. బొటనవేలును మీరు పంపియ్యద్దు. చెయ్యి పోతాంటె అది దాని ఎంబడి పోతది" అని, నా ముంజేతిని పట్టుకుని కుడివైపుకు మెల్లగా నడిపించారు. సి మీద బొటనవేలు దిగినప్పుడు మణికట్టు కాస్త లోపలి వైపుకు ఉంటుంది. చూపుడువేలు ఇ మీదికి రాగానే బొటనవేలు తన మెట్టును వదిలేసి చేతితో పాటే కదలడం మొదలుపెడుతుంది. మధ్యవేలు జి మీద పలుకుతున్న సమయానికి మణికట్టు ఆ వేలిని దాటి కుడివైపుకు వచ్చేసి ఉంటుంది, మోచేయి పక్కటెముకల నుంచి దూరంగా జరిగి ఉంటుంది. అప్పుడు పై సి బొటనవేలికి జానెడు దూరంలో కాదు, బెత్తెడు దూరంలో ఉంటుంది. దిగేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది: మధ్యవేలు బొటనవేలి మీదుగా దాటి జిని అందుకోవాలి, మోచేయి ముందుండి లోపలికి దారి తీయాలి. కుడిచేతికి దిగడమే సులువు, ఎడమచేతికి ఎక్కడం సులువు.

దీన్ని ఒంటికి పట్టించడానికి సార్ చెప్పిన పద్ధతుల్లో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది మూడు మెట్లనూ ఒకేసారి నొక్కడం. సి, ఇ, జి కలిపి కార్డుగా నొక్కి, చేతిని లేపి, పై స్థాయిలోని అవే మూడు మెట్ల మీద అదే ఆకారంలో దించడం. ఇట్లా నాలుగు స్థాయిలు ఎక్కి దిగడం. వేళ్ల మధ్య దూరాలు మారవు, చేయి మాత్రం స్థాయి నుంచి స్థాయికి జరుగుతుంది. ఈ ఆకారం స్థిరపడిన తర్వాత మూడు స్వరాలను విడివిడిగా వాయించి, పై సి మీదికి బొటనవేలిని తీసుకెళ్లి, పలికించకుండా మెట్టు మీద ఊరికే ఆనించి ఆగడం రెండో దశ. ఆగినచోట భుజం ఎత్తి ఉందా, మణికట్టు బిగిసి ఉందా అని చూసుకుని, అప్పుడు పలికించాలి. చూసేవారికి ఇది సంగీతంలాగే ఉండదు. ఇంట్లో వాళ్లు విసుక్కోకుండా ఉండాలంటే హెడ్‌ఫోన్లు తప్పనిసరి.

కరెంటు పోయిన సాయంత్రాలు కూడా ఈ దశలో కలిసివచ్చాయి. డిజిటల్ పియానోలో శబ్దం ఆగిపోతుంది గానీ మెట్లూ లోపలి బరువులూ యథాతథంగా పనిచేస్తాయి. ఛార్జింగ్ లైటు పక్కన పెట్టుకుని నిశ్శబ్దంగా ఆర్పెజియోలు వాయిస్తూ ఉంటే, చెవికి పని లేకపోవడం వల్ల దృష్టి మొత్తం మణికట్టు మీద నిలిచేది. గోడ మీద పడే నీడలో మోచేయి ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు మొండికేసిందో స్పష్టంగా తెలిసేది. తర్వాత కరెంటు ఉన్నప్పుడు కూడా సాధనలో కొంతసేపు శబ్దాన్ని కావాలనే తగ్గించి వాయించడం అలవాటు చేసుకున్నాను.

చేయి కదలడం మొదలైనా బొటనవేలి మీది ఒత్తు పూర్తిగా పోలేదు. దానికి మందు మన సంగీతంలోనే దొరికింది. మూడు స్వరాల ఆర్పెజియోను ఎవరైనా సహజంగా తిశ్ర గతిలోనే వాయిస్తారు, సగప సగప అని. అట్లా వాయిస్తే ప్రతి తాళం దెబ్బా షడ్జం మీద, అంటే బొటనవేలి మీదే పడుతుంది. తాళమే ఆ ఒత్తును బలపరుస్తూ ఉంటుంది. అదే వరుసను చతురశ్ర గతిలో నాలుగేసి స్వరాలుగా విడగొడితే సగపస, గపసగ, పసగప అవుతుంది. ఇప్పుడు దెబ్బ మొదటిసారి బొటనవేలి మీద, రెండోసారి చూపుడువేలి మీద, మూడోసారి మధ్యవేలి మీద పడుతుంది. కొసన మిగిలే షడ్జాన్ని పక్కన పెడితే నాలుగు స్థాయిల ఆరోహణలో 12 స్వరాలు ఉంటాయి. 12ను మూడుతోనూ నాలుగుతోనూ భాగించవచ్చు కాబట్టి రెండు గతుల్లోనూ లెక్క సరిగ్గా పై షడ్జం మీదే తేలుతుంది. పాదంతో తాళం వేస్తూ చతురశ్రంలో వాయించడం మొదట్లో నాలుక తిరగని పద్యంలా ఇబ్బంది పెట్టింది. అది కుదిరాక మళ్లీ కంప్యూటరుకు కలిపి చూస్తే సి దగ్గరి అంకెలు మిగతా వాటి స్థాయికి దిగివచ్చాయి. పియానో పాఠాల్లో ఇదే పనికి పొడుగు-పొట్టి స్వరాల లయలు చేయిస్తారు, వాటినీ చేశాను, కానీ గతి మార్చడమే నాకు ఎక్కువ పట్టు ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో కొద్దిపాటి శిక్షణ ఉన్నవారు ఈ ఆస్తిని వదులుకోకూడదు.

వేగం దగ్గర మాత్రం అదే శిక్షణ కొంత దారి తప్పించింది. ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం అని వేగాన్ని రెట్టింపు చేస్తూ పోవడం మనకు అలవాటు. తాళం కొట్టే యంత్రం మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 బీట్ల దగ్గర పెట్టి, బీటుకు ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు వాయించబోతే రెండో కాలం దాకా హాయిగా సాగి మూడో కాలంలో గోడకు తగిలేది. మెల్లగా వాయించేటప్పుడు స్వరానికీ స్వరానికీ మధ్య సందు లేకుండా బొటనవేలు కిందుగా జరిగి అందుకోగలదు. వేగం పెరిగాక దానికి అంత సమయం ఉండదు, చేయి మొత్తంగా ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి జరగాల్సిందే. ఆ జరుగుబాటులో జికీ సికీ మధ్య ఒక సన్నని ఖాళీ వస్తుంది, ఆ వేగంలో అది చెవికి అందదు. అంటే మెల్లని ఆర్పెజియో, వేగమైన ఆర్పెజియో ఒకే కదలికకు రెండు వేగాలు కావు, రెండు వేర్వేరు కదలికలు. మెల్లగా చేస్తూ పోతే వేగం దానంతట అదే వస్తుందనే సలహా స్కేళ్లకు చాలావరకు సరిపోతుంది. ఆర్పెజియోల విషయంలో దాన్ని నేను ఒప్పుకోను. మొదటి నుంచీ మెల్లని సాధనతో పాటు నాలుగైదు స్వరాల చిన్న ముక్కలను అసలు వేగంలో వాయించి ఆగడం కూడా జరగాలి. జి, సి అనే రెండు స్వరాలనే తీసుకుని చటుక్కున దాటడం, ఆగడం, చేయి వదులు చేయడం. తర్వాత ఇ కలపడం, ఆ తర్వాత ముందున్న స్థాయిని కలపడం. సార్ ఈ ముక్కలను ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోయారు, మెట్రోనోమ్‌ను మాత్రం ఎప్పుడూ కొద్దికొద్దిగానే జరిపారు.

ఇంటర్ పరీక్షల తర్వాత స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో పొద్దంతా ఎర్ర పెన్నుతో పేపర్లు దిద్ది ఇంటికి వస్తే కుడిచేయి పియానోకు పనికివచ్చే స్థితిలో ఉండేది కాదు. ముంజేయి పైభాగంలో మంట మొదలైతే ఆరోజుకు మూత వేయమని సార్ గట్టిగానే చెప్పారు. ఆగినా తగ్గని నొప్పిని, వేళ్ల తిమ్మిరిని డాక్టరుకు చూపించాలే తప్ప సాధనతో పోగొట్టబోకూడదు. ఆ కాలాన్ని ఎడమచేతికి ఇచ్చాను. తిత్తి తప్ప వేరే పని ఎరగని ఆ చేతికి ఉంగరపు వేలు పెద్ద సమస్య. దాన్ని పైకి లేపే స్నాయువుకు పక్క వేళ్ల స్నాయువులతో చేతి వెనుక భాగంలో బంధాలు ఉంటాయి, అందుకే అది విడిగా లేవదు. సి మేజర్‌లో ఎడమచేతి ఉంగరపు వేలు ఇ మీద పడాలి. ఎక్కేటప్పుడు అదే వేలు బొటనవేలి మీదుగా దాటి పై ఇని కూడా అందుకోవాలి. దాన్ని లేపి కొట్టడానికి ప్రయత్నించినంత కాలం అది పక్కవేలిని కూడా లాక్కునిపోయేది. వేలిని లేపడం మానేసి, ముంజేతిని ఆ వేలి వైపుకు కొద్దిగా తిప్పి చేతి బరువును దాని మీదికి వదిలితే మెట్టు దానంతట అదే దిగింది. పియానో మెట్టు దిగడానికి కావలసింది దాదాపు 50 గ్రాముల బరువే కదా. వాల్యుయేషన్ అయిపోయి రెండు చేతులూ కలిపినప్పుడు, వింతగా, తడబడింది కుడిచేయే.

సి మేజర్ తర్వాత మిగతావన్నీ నేర్చుకోవాలంటే జడుపు కలుగుతుంది. మన సంగీతంలో శ్రుతి మారినా పాఠం మారదు. గాయకుడు ఒకటి శ్రుతిలో పాడినా ఐదున్నరలో పాడినా సగప సగపే. మెట్ల వాద్యంలో మాత్రం శ్రుతి మారితే కాళ్ల కింది నేలే మారిపోతుంది. మేజర్లు 12, మైనర్లు 12, మొత్తం 24 ఆర్పెజియోలు. వీటిని ఒక్కొక్కటిగా బట్టీ పట్టకుండా, తెలుపు నలుపుల అమరికను బట్టి ఒక కాగితం మీద గుంపులుగా విడగొట్టుకున్నాను. (పేరు పక్కన షార్ప్ అంటే ఆ మెట్టుకు కుడి పక్కది, ఫ్లాట్ అంటే ఎడమ పక్కది.) సి, ఎఫ్, జి మేజర్లు, ఏ, డి, ఇ మైనర్లు ఆరూ పూర్తిగా తెల్ల మెట్ల మీదివి. డి, ఏ, ఇ మేజర్లకూ, సి, ఎఫ్, జి మైనర్లకూ నడుమ ఒక నల్ల మెట్టు, అటూ ఇటూ తెల్లవి. ఇందుకు తలకిందులుగా నడుమ తెల్లది, అటూ ఇటూ నల్లవి ఉండేవి ఇంకో ఆరు: డి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఏ ఫ్లాట్ మేజర్లు, సి షార్ప్, ఎఫ్ షార్ప్, జి షార్ప్ మైనర్లు. ఎఫ్ షార్ప్ మేజర్, ఇ ఫ్లాట్ మైనర్ రెండూ పూర్తిగా నల్ల మెట్ల మీదివి. ఏ గుంపులోనూ ఇమడకుండా మిగిలిపోయేవి బి, బి ఫ్లాట్‌ల మేజర్లు, మైనర్లు నాలుగు. ఒక గుంపులో ఒకటి చేతికి వస్తే మిగతావి కొద్దిపాటి సవరణతో వస్తాయి.

ఈ గుంపుల్లో నల్లది-తెల్లది-నల్లది ఉన్న ఆరింటి దగ్గర నాకు కొత్త తెలివి వచ్చింది. బొటనవేలు పొట్టిది, అంచున ఉంటుంది. దాన్ని నల్ల మెట్టు మీదికి ఎక్కించాలంటే చేతినంతటినీ లోపలికి తోయాలి. అందుకే ఇ ఫ్లాట్ మేజర్‌లో కుడిచేయి షడ్జాన్ని చూపుడువేలితో మొదలుపెట్టి, నడుమనున్న తెల్ల మెట్టు జి మీద బొటనవేలు వేస్తుంది: 2-1-2-4-1-2-4. ఎడమచేతికి 2-1-4-2-1-4-2. షడ్జమంటే బొటనవేలు అని స్థిరపడిపోయిన నా బుర్రకు గాంధారం మీద బొటనవేలు వేయడం కొన్నాళ్లు మింగుడుపడలేదు. అయితే చేతికి మాత్రం అది సుఖంగానే ఉంది: పొడుగు వేళ్లు ఎత్తుగా ఉన్న నల్ల మెట్ల మీద, పొట్టి బొటనవేలు కింద తెల్ల మెట్టు మీద. పోలండ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన పియానో స్వరకర్త షోపెన్ (1810–1849) శిష్యులకు స్కేళ్లను సి మేజర్‌తో కాక, నల్ల మెట్లు నిండుగా ఉన్న బి మేజర్‌తో మొదలుపెట్టించేవాడు. చదవడానికి సులువైన సి మేజర్ వేళ్లకు అన్నిటికంటే కష్టమైనదని ఆయన అభిప్రాయం. ఆర్పెజియోలకూ ఇది వర్తిస్తుందని నా అనుభవం. సమతలంగా ఉన్న తెల్ల మెట్ల మీద ఎక్కడున్నామో చూస్తే తప్ప తెలియదు. డి మేజర్‌లో ఎఫ్ షార్ప్ చూపుడువేలికి తగలగానే చేయి ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది. ఎవరైనా కొత్తగా మొదలుపెడితే సి బదులు డి మేజర్‌తో మొదలుపెట్టమనే చెబుతాను. ఒక్క జాగ్రత్త ఉంది: సి మేజర్‌లో ఎడమచేతికి 5-4-2-1 అయినట్టు డి మేజర్‌లో కాదు, అక్కడ 5-3-2-1, ఎందుకంటే ఎఫ్ షార్ప్ మీదికి ఉంగరపు వేలికంటే మధ్యవేలు తేలిగ్గా వెళుతుంది. సార్ మాత్రం ఈ వాదనకు నవ్వి, "నోట్స్ చదవరాని పిల్లలకు షార్పులు ఎట్ల చెప్పాలె సార్" అన్నారు. ఆయన ఇబ్బంది ఆయనది.

ఈ సాధనంతా పాటకు ఉపయోగపడాలి కదా అని కొన్నాళ్లకు ఎడమచేతి ఆర్పెజియోలను పాటల కింద వేసి చూశాను. బతుకమ్మ రోజుల్లో మా అక్క వచ్చి పాడుతుంటే, కింది స్థాయిలో విడివిడి స్వరాలుగా కార్డులు వాయించాను. రెండు చరణాలు కాగానే ఆమె ఆపి, "తమ్మీ, నీ సప్పుడుల నా పాట ఇనబడ్తలేదు" అన్నది. సాధనలో ప్రతి స్వరమూ సమానంగా పలకాలని పట్టుబట్టిన చేతికి, పాట వెనక నిలబడేటప్పుడు అన్ని స్వరాలూ సమానంగా తగ్గాలన్న సంగతి ఇంకా తెలియదు. మెల్లగా, అయినా తడబడకుండా వాయించడం గట్టిగా వాయించడం కంటే చాలా కష్టం. వేగం తగ్గిన మెట్టు ఒక్కోసారి అసలు పలకనే పలకదు. అప్పటి నుంచి ప్రతి ఆర్పెజియోను ఒకసారి నిండు గొంతుతో, ఒకసారి దాదాపు వినపడనంత మెల్లగా వాయిస్తున్నాను.

కీర్తనల కింద ఆర్పెజియోలు వేయడంలో ఇంకో చిక్కు ఉంది. రాగంలో లేని స్వరం కార్డు ద్వారా దొంగచాటుగా వచ్చి చేరుతుంది. మోహన రాగాన్ని సి షడ్జంగా వాయిస్తే అందులోని ఐదు స్వరాలతో రెండు కార్డులే పూర్తిగా కుదురుతాయి: సగప, అంటే సి మేజర్, దసగ, అంటే ఏ మైనర్. ఈ రెండింటి మధ్యే తిరిగితే రాగం చెడదు. ఎఫ్ మేజర్ వేశామంటే మోహనలో లేని మధ్యమం వచ్చి పడుతుంది. గమకాలు నిండుగా ఉండే రాగాల కింద ఆర్పెజియో వాయించడం నాకు అంతగా రుచించదు, ఊగే స్వరం కింద కదలని మెట్టు పలికితే రెండూ పొసగవు. సినిమా పాటలకూ చర్చి పాటలకూ ఈ బాధ లేదు. క్రిస్మస్ ముందు ఫాతిమానగర్‌లో పాటల సాధనకు సార్ పక్కన కూర్చుని ఎడమచేతి భాగం వాయించే అవకాశం వచ్చినప్పుడు, పాడేవాళ్ల ఊపిరి ప్రకారం ఆర్పెజియో చివర కాస్త ఆగడం, మళ్లీ అందుకోవడం అక్కడే నేర్చుకున్నాను. మెట్రోనోమ్ అది నేర్పదు.

ఇప్పుడు నాలుగు స్వరాల ఆర్పెజియోల్లో ఉన్నాను. జి, బి, డి, ఎఫ్ అనే నాలుగు స్వరాల డామినెంట్ సెవెంత్ కార్డుకు కుడిచేయి 1-2-3-4 వాయించి మళ్లీ 1కి రావాలి. ఎఫ్ పక్కనే జి ఉండటం వల్ల బొటనవేలు దూకాల్సిన దూరం ఒక్క మెట్టే. బొటనవేలి బాధ తగ్గి, దాటే ముందు చేతి బరువును మోయాల్సిన ఉంగరపు వేలి బాధ మొదలైంది. నాలుగు స్వరాలు కావడంతో గతుల లెక్క కూడా తిరగబడింది: ఇక్కడ బొటనవేలి మీద దెబ్బ పడేది చతురశ్రంలో, దాన్ని తప్పించేది తిశ్రం. వీటితో పాటు సార్ బి ఫ్లాట్ మేజర్‌ను రెండు చేతులతో కలిపి వాయించమన్నారు. కుడిచేయి 2-1-2-4, ఎడమచేయి 3-2-1-3. కుడి బొటనవేలు డి మీద, ఎడమ బొటనవేలు ఎఫ్ మీద పడతాయి. రెండు చేతులూ ఒకే స్వరాలు పలుకుతున్నా దాటే చోట్లు మాత్రం కలవవు, ఒక మోచేయి కదిలినప్పుడు రెండోది కూడా కదలబోతుంది. ప్రస్తుతానికి బీటుకు రెండు స్వరాల చొప్పున మెట్రోనోమ్ 72 దాకా నిలకడగా వస్తున్నది. అంతకుమించి పెంచితే దిగేటప్పుడు ఎడమచేయి ముందే పరుగెత్తుతున్నది కాబట్టి, ఈ వారమంతా దిగే సగాన్నే, ఎడమచేతితో విడిగా చేస్తున్నాను.